చాక్‌పీసు గీత

రిటైరైన లెక్కల మాస్టారు ఏదీ ఒక పట్టాన తేల్చరు. డాబా మీద బ్యాటరీతో సహా సోలార్ ప్యానెళ్లు పెట్టించాలనుకుని ఏడాదిన్నర అయింది. కరెంటు పోతే భార్య ఆక్సిజన్ యంత్రం ఆగిపోతుందని ఆయన తాపత్రయం. నాలుగు కంపెనీల కాగితాలు మంచమంతా పరిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, పోల్చిందే పోల్చుకుంటారు. గంటకోసారి డాబా ఎక్కి ఎండ ఎంతవరకు వచ్చిందో చాక్‌పీసుతో గీత గీస్తారు. పక్కింట్లో ఉండే సొంత తమ్ముడు పిట్టగోడ మీంచి, "ఇంకా తేల్చలేదా అన్నయ్యా? నీ ప్యానెళ్లొచ్చేలోగా నా పై అంతస్తు లేచిపోతుంది," అని వేళాకోళమాడేవాడు. ఈయన నవ్వి గీత గీసుకునేవారు. అన్నట్టే ఆ పై అంతస్తు గోడ లేచింది. అది లేచినకొద్దీ మాస్టారు గీత చెరిపి, వెనక్కి జరిపి మళ్లీ గీశారు. కట్టడం ఆపమని తమ్ముణ్ణి అడగడానికి నోరు రాలేదు.

నిన్న ఒక కంపెనీ ఖాయం చేసుకుని, బిగించే మనిషిని పిలిపించారు. అతను డాబా అంతా కలియజూసి, "ఇంత నీడలో ఏది పెట్టినా ఒకటేనండి," అని వెళ్లిపోయాడు. ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది. "ఏది మంచిదో తేల్చారా?" అని భార్య ఆయాసపడుతూ అడిగింది. "తేల్చానే," అన్నారు మాస్టారు, ఆ కంపెనీ కాగితాన్నే మడిచి ఆమెకు గాలి విసురుతూ.