ముగ్గులో సంతకం

నాకు ముక్కు మీదే కోపం. ఉప్పల్‌లో నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి అవ్వ ఆ సంగతి నెల తిరక్కముందే పట్టేసింది. "ఈ పిల్ల పాలపొంగు తీరు. జరసేపు ఊకుంటే అదే దిగుతది" అని పక్కింటివాళ్ళకు కూడా చెప్పేసింది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. నాకు ఇరవై ఏళ్ళు. ఇంటర్ అయ్యాక జనగామ వైపు నుంచి వచ్చి, నాచారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్‌కు కుదిరాను. ఏడాదిపాటు మాత్రల డబ్బాల మీది బ్యాచ్ నంబర్లు తప్ప ఏమీ చదవలేదు. ఒకరోజు బస్సులో పక్కావిడ చేతిలో ఉన్న వారపత్రికలోకి తొంగిచూశాను. నేను కూడబలుక్కుంటూ ఒక్క పేజీ పూర్తి చేసేలోపే ఆమె దిగే స్టాపు వచ్చేసింది. నిజంగా భయమేసింది. ఇట్లాగే సాగితే చదువు వచ్చిన సంగతే మరిచిపోతాననుకున్నాను.

దగ్గర్లోనే లైబ్రరీ ఉంది. కానీ నేను షిఫ్టు దిగి వచ్చేసరికి మూసేసేవారు. సెలవురోజు వెళ్తే కుర్చీలన్నిట్లో ఉద్యోగ పరీక్షలకు చదివే అబ్బాయిలే. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం ఉండాలి. దానికి ఇంటిపన్ను కట్టేవాళ్ళెవరైనా హామీ సంతకం పెట్టాలి. పట్నంలో నాకెవరున్నారని?

మా సూపర్‌వైజర్‌ను అడిగాను. గుంటూరు వైపు మనిషి, మంచివాడే. "రేపు నువ్వు గది ఖాళీ చేసి వెళ్ళిపోతే ఆ పుస్తకాలు నా మెడకు చుట్టుకుంటాయమ్మా" అన్నాడు. ఫారం మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను.

అవ్వకు రెండు రేకుల గదులు ఉన్నాయి, వాటి పన్ను రసీదూ ఉంది. నా వాలిన ముఖం చూసి, అడిగి విషయం రాబట్టింది. "గింతదానికి ముఖం మాడ్సుకునుడు ఎందుకు? నేను జమానత్ ఉంటగా" అని ఫారం మీద బొటనవేలు గట్టిగా ఒత్తింది.

లైబ్రేరియన్ ఆ ముద్ర చూసి ఇంకో ఫారం నా చేతిలో పెట్టాడు. "వేలిముద్ర నడవదమ్మా. సంతకమే కావాలె."

ఆ మాట చెప్పగానే అవ్వ ముఖం చిన్నబోయింది. పొయ్యి మీది కూర కలిపి దించింది. తర్వాత తనే, "అయితే నేర్పు" అంది.

పలక కొన్నాను. ఆమె పేరు మూడే అక్షరాలు. మూడు వారాలైనా మొదటి అక్షరం దాటలేదు. బలపం పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయేవి, గీత వంపు తిరగాల్సిన చోట ఆగిపోయేది. పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చేదాన్ని, నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ఒక సాయంత్రం నోరు జారాను.

"నీకు రాదు అవ్వా. ఇడ్సిపెట్టు."

అవ్వ బలపం కింద పెట్టింది. పలక నా ఒళ్ళో పెట్టి లోపలికి పోయింది. ఆమె చెప్పినట్టే నా కోపం దిగింది. కానీ తప్పైందని చెప్పడానికి నోరు రాలేదు.

తెల్లారి డ్యూటీకి బయల్దేరి గేటు దగ్గర ఆగిపోయాను. వాకిట్లో రోజూ ఉండే చుక్కల ముగ్గు లేదు. దాని చోట ముగ్గుపిండితో మూడు అక్షరాలు, ఒక్కొక్కటి చాటంత. వంపులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. అవ్వ చీపురు పట్టుకొని పక్కనే నిలబడి ఉంది.

"బలపం నా మాట ఇంటలేదు బిడ్డా. ముగ్గు ఇంటది. సూడు, తప్పున్నదా?"

ఎందుకుంటుంది? చుక్కల చుట్టూ మెలికల ముగ్గును ఎక్కడా ఆగకుండా తిప్పే చేయి అది. ఇన్ని రోజులు ఆ ముగ్గు దాటుకుంటూ పోయిన నాకు ఆ సంగతే తట్టలేదు. సిగ్గేసింది.

"లేదవ్వా. నేనే తప్పు మాట్లాడిన."

"ఎరికే. ఇగ నడువు, బస్సు పోతది."

వారం రోజులు గల్లీవాళ్ళు ఆమె పేరు తొక్కకుండా పక్కనుంచి నడిచారు. అక్షరాలు రోజురోజుకూ చిన్నవవుతూ వాకిట్లోంచి గడప మీదికి, గడప మీంచి పలక మీదికి వచ్చాయి. సెలవురోజు అవ్వ పన్ను రసీదు కొంగున ముడేసుకొని నాతో లైబ్రరీకి వచ్చింది. ఫారంలో ఇచ్చిన గడి ఆమె సంతకానికి చాలలేదు. సగం కింది గీత మీదికి జారింది. లైబ్రేరియన్ ఆమె రాస్తున్నంతసేపూ చూసి స్టాంపు వేశాడు.

ఒక కథల పుస్తకం తెచ్చుకున్నాను. అరుగు మీద కూర్చొని తెరవబోతే అవ్వ చేయి అడ్డం పెట్టింది.

"ఆగు. జమానత్ నేనున్న. దీంట్ల ఏమున్నదో నాకు ఎరుక కావాలె."

గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఏడాది తర్వాత కదా, రెండో వాక్యంలోనే తడబడ్డాను. మళ్ళీ మొదటికొచ్చాను, మళ్ళీ ఆగాను. నా మీద నాకే చిరాకు పుట్టి పుస్తకం మూయబోయాను.

"నిమ్మలంగ సదువు బిడ్డా. నేనెటు పోత?" అంది.

పేజీ సగానికి వచ్చాక ఆమె బొటనవేలు కాగితం మీద వాలింది. "ఇది నాది" అంది. చూశాను. ఆమె పేరులోని మొదటి అక్షరం.

"ఇంకేడున్నదో సూపియ్యకు. నేనే ఎతుక్కుంట."

ఆ సాయంత్రం మేమిద్దరం ఆ పేజీ దాటలేదు.