మిట్టమధ్యాహ్నం ఆరని మంచు

మా వంటింటి కిటికీలోంచి పోలోనీ కుళ్ళిన వాసన వస్తోంది. పోలోనీ అంటే తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను, ఎర్ర ప్లాస్టిక్ తొడుగులో అమ్మే మెత్తటి మాంసపు ముద్ద, ఈ డర్బన్‌లో తెల్లా నల్లా రంగుల గొడవ లేకుండా ప్రతివాడూ బ్రెడ్డులో పెట్టుకు తినేది. మా తమ్ముడి కోడలు మాల్‌లో ఒక మొక్క కొనుక్కొచ్చింది. అరచేతిలో పట్టే కుండీ, అంచులకి ముళ్ళున్న ఆకులు, ఈగ వాలితే దవడల్లా మూసుకునే రకం. ఎక్కడో అమెరికా బురదనేలలో పుట్టిన ఆ మొక్క మా కిటికీలో కూర్చుని పోలోనీ మేస్తోంది. ఇది పురటాసి నెల, వెంకటేశ్వరస్వామి నెల, తమిళుల పక్కన బతికి బతికి పేరు మాత్రం వాళ్ళదే వాడతాం. ఈ నెలంతా ఇంట్లో గుడ్డు కూడా పగలదు. మొక్కకి మాత్రం మినహాయింపు. "ఎంత ముద్దుగా తింటోందో చూడండి మావయ్యా" అంటుంది. ఉప్పూ కొవ్వూ పెట్టి చంపుతున్నావమ్మా అని చెప్పాను. వినదు. వినే ఇల్లయితే నేనిది రాయాల్సిన పనేముంది?

నా చదువు నాలుగో క్లాసుతో ఆగింది. తెలుగు రాయడం రాత్రి బడిలో కొంత, అట్టలూడిన పుస్తకాల్లో కొంత నేర్చుకున్నాను; ఈమధ్య హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీర్లు నా మాట విని, మా తాతల నాటి సినిమా చూసినట్టుంది అని నవ్వుతున్నారు. నవ్వండి. ఈ దేశంలో ఓటు వెయ్యడానికి ముసలితనం దాకా ఆగినవాణ్ణి, మీ నవ్వు ఆగేదాకా ఆగలేనా?

మేం డర్బన్ అంచున సీ కౌ లేక్‌లో పుట్టి పెరిగాం. ఉంగేని నది పక్కన, రేకు గోడలూ చెక్క దూలాలూ ఉన్న ఇల్లు మాది, వాన పడితే ఇల్లంతా డోలు కొట్టినట్టుండేది. తాత చెరకు తోటలో కూలి ఒప్పందం తీరాక నది వండ్రులో కౌలుకి మడి చేసి, వంకాయలు, మిరపకాయలు, మెంతికూర, కొత్తిమీర పండించేవాడు. తెల్లారకముందే గోనెపట్టాలు తడిపి కూర కట్టలు చుట్టి మార్కెట్టుకి బండి కట్టేవాడు, ఆ తడి గోనె వాసనా ఎద్దు చెమట వాసనా కలిసి మా నిద్రలోకి వచ్చేవి. పురటాసి వచ్చేసరికి ఇక్కడ చలి పోయి గాలిలో తేమ ఎక్కుతుంది, మామిడి పూత రాలుతుంది, ఎక్కడో చెరకు తోటలు తగలబెడితే నల్లటి మసి పీలికలు పీలికలుగా ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద వాలేది. మేం పిల్లలం మూడు డబ్బాలు ఒకదాని మీద ఒకటి పేర్చి బంతితో పడగొట్టే ఆట ఆడుతూ, ఆ మసిని నాలికతో పట్టి, తియ్యగా ఉందని ఒకరికొకరం అబద్ధం చెప్పుకునేవాళ్ళం.

ఆ నెల మొదలవగానే అవ్వ, అంటే నాన్నని కన్న తల్లి, మాంసం వండిన కుండలన్నీ కోళ్ళగూటి మీద బోర్లించేసేది. మిగిలిన గిన్నెలకి చింతపండూ బూడిదా పట్టించి, చేతులు పగిలేదాకా మా అమ్మ చేతా మా అత్త చేతా తోమించేది. శనివారం దీపం. పులిహోర, గారెలు, బెల్లం పాయసం, మడుంబీల పులుసు. చామదుంపల్ని జూలూలు పిలిచినట్టు మేమూ మడుంబీలనే అనేవాళ్ళం. తోటకూర మాత్రం వారమంతా ఉండేది. ఆ తోటకూర సంగతి గుర్తుంచుకుంటే మంచిది, మళ్ళీ వస్తాను దానికి.

అత్త పేరు లచ్చమ్మ, నాన్నకి చెల్లెలు. షాకాస్‌క్రాల్ చెరకు తోటలో పనిచేసేవాడికిచ్చి చేశారు, ఏడాది తిరక్కుండా అతను జ్వరంతో పోయాడు, ఆమె పుట్టింటికి వచ్చేసింది. వచ్చేసింది అంటే తలుపు తీశారు, అంతే. అన్నం పెట్టారు, పని పెట్టారు, దీపం గదిలోకి మాత్రం రానివ్వలేదు. గారెలు ఆమే వండాలి, నైవేద్యం పెట్టేటప్పుడు ఆమె ఎదురుపడకూడదు. శనివారం సాయంత్రం అందరం దీపం ముందు కూర్చుంటే ఆమె పెరటి గుమ్మంలో కూర్చుని తలుపు సందులోంచి చూసేది. మాకు కథలు చెప్పింది, తలలు దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆమే. నాకు తెలిసి ఆ ఇంట్లో ఆమె కోరుకున్నది ఒక్కటే, ఆ గడప దాటి లోపల కూర్చోవడం.

మా మడికి పైన ఒక ఎర్ర ఇసక గట్టు ఉండేది, దాని అడుగునుంచి వానల్లేని నెలల్లో కూడా చెమ్మ ఊరుతూ ఉండేది. గడ్డి సరిగా మొలవని చోటు. ఒక ఏడు పురటాసిలో గడ్డికోసం పోయిన అత్త, మిట్టమధ్యాహ్నం, అక్కడ నేలకి అతుక్కుని రూపాయి బిళ్ళంత ఎర్రటి మొక్కలు మెరుస్తుంటే చూసింది. ఆకు నిండా వెంట్రుకలు, ప్రతి వెంట్రుక కొనమీదా ఒక మంచు బొట్టు. అంత ఎండలో. ఇసకతో సహా పెకలించి పాలడబ్బాలో పెట్టి పరిగెత్తుకొచ్చింది.

"ఇదేటే లచ్చీ?" అంది అవ్వ.

"సూడే అమ్మా. మద్దేనం ఎండకి కూడా ఆరనేదు. సామి మంచే ఇది."

అవ్వ వేలితో తాకలేదు, కళ్ళకద్దుకుంది. కొబ్బరిచిప్పతో నీళ్ళు చిలకరించింది. తరవాత ఆ ముసలామె నోట నేను ఎన్నడూ వినని మాట వచ్చింది. "నువ్వు తెచ్చినావు, నువ్వే నోపల పెట్టు." అత్త ఆ డబ్బా పట్టుకుని దీపం గది గడప దాటింది. ఆ శనివారం ఆమె లోపలే కూర్చుంది. వాడకట్టు ఆడవాళ్ళంతా పసుపు పళ్ళేలతో వచ్చి ఆరని మంచు చూసి దండాలు పెట్టుకుంటుంటే, అది ఎక్కడ దొరికిందో, ఎలా మెరిసిందో ఆమె చెప్పినదే మళ్ళీ చెప్పింది, ప్రతిసారీ చేతులతో చూపించి చెప్పింది. ఆమెకి అంత నవ్వు ఉందని నాకప్పుడే తెలిసింది.

మరుసటి శనివారం భజన మేష్టారు వచ్చాడు. ఆయన్ని మర్యాదగా రాయడం నావల్ల కాదు. పాటకి తాళం తప్పేవాడు, పక్కవాడి తప్పుకి మాత్రం ఎన్నడూ తప్పేవాడు కాదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి డబ్బా మీదకి వంగి, చాలాసేపు చూసి, "అమ్మో" అన్నాడు. ఒక ఆకు పిడికిలిలా ముడుచుకుని ఉంది. దాని సందున దోమ రెక్క, ఈగ కాళ్ళు. "అమ్మా, ఇది జీవాల్ని తింటోంది. పురటాసిలో, స్వామి ముందు, మాంసం తినేదాన్ని పెట్టి పూజ చేస్తున్నారు మీరు. ఎవరు తెచ్చారిది?"

ఎవరు తెచ్చారో ఆయనకి తెలుసు. అందరికీ తెలుసు. అయినా అడగాలి, ఆమె అందరి ముందూ లేచి నిలబడాలి.

ఆడవాళ్ళు ప్రసాదం అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. అవ్వకి దుఃఖం పాపం గురించి కాదు, పరువు గురించి. పాపమైతే దేవుడితో తేల్చుకోవచ్చు, ప్రసాదం ముట్టకుండా పోయిన వాడకట్టుతో ఎలా తేల్చుకుంటుంది? మేష్టారు శుద్ధి చెప్పాడు. పసుపు కలిపిన పాలు, పేడ నీళ్ళు, మూడు పూటలా ఆ డబ్బాలో పొయ్యమన్నాడు; దైవాంశ ఉంటే నిలుస్తుంది, లేకపోతే తెలిసిపోతుంది అన్నాడు. పోశారు. ఆకుల మీది బొట్లు పోయాయి, అంచులు నల్లబడ్డాయి, ఆ వారంలోనే మొక్క కుళ్ళి ముద్దయింది. "పాలు కూడా పడనేదు దానికి" అని అవ్వ గుండెలు బాదుకుంది. మొక్క రాక్షసి అని రుజువైంది. తెచ్చినదాని సంగతి వేరే రుజువు చెయ్యక్కర్లేదు కదా. తాత గోనెపట్టాలు తడపడానికి పోయాడు. నాన్న అత్త ట్రంకు పెట్టె మోసుకుని ఆమెని రైలెక్కించి వచ్చాడు, షాకాస్‌క్రాల్ తోట కూలీల బారక్స్‌లో మరిది ఇంటికి.

నేను పెద్దవాణ్ణయ్యాక చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, తెల్లవాళ్ళ లైబ్రరీలోకి నన్ను రానివ్వరు కనక పాత సామాన్ల కొట్లలో తూకానికి అమ్మే పుస్తకాలు ఏరుకుని చదివాను. చదివినది ఏ పండితుడూ నాకు చెప్పలేదు కాబట్టి నా మాటల్లోనే చెబుతాను. ఆ మొక్కని ఇంగ్లీషులో సన్‌డ్యూ అంటారు. మన నేలదే, మన గట్టుదే, మాల్‌లో కొనక్కర్లేదు. వానలకి బలమంతా కొట్టుకుపోయిన ఇసకలో, పుల్లటి చెమ్మలో, ఇంకే మొక్కా బతకని చోట అది బతుకుతుంది. ఎండ ఉంది, నీళ్ళున్నాయి, నేలలో నత్రజని మాత్రం లేదు. లేనిదాన్ని ఎగిరేవాటి ఒంట్లోంచి తీసుకుంటుంది. ఆ బొట్లు మంచు కాదు, జిగురు. పురుగు అంటుకోగానే చుట్టూ ఉన్న వెంట్రుకలు మెల్లగా దానిమీదకి వంగుతాయి, జిగురుతో పాటు అరిగించే రసం ఊరుతుంది, ఆకే కడుపవుతుంది. వేళ్ళు పేరుకే ఉంటాయి. అలాంటి వేళ్ళకి పాలూ పేడా పోస్తే ఏమవుతుంది? బలమైన ఎరువే దానికి విషం, మురిగిన పాలలో బూజు పట్టి చస్తుంది. దైవాంశ లేక చావలేదు, మేష్టారి శుద్ధి వల్ల చచ్చింది.

ఇంకా చెబుతాను, ఈమధ్య చదివినదీ కలిపి. ఆ అరిగించే రసం కోసం కొత్తగా ఏదీ పుట్టలేదట. మొక్కలన్నిట్లోనూ బూజునీ పురుగునీ ఎదిరించడానికి కొన్ని రసాలుంటాయి; లక్షల ఏళ్ళ మీద ఆ కాపలా రసాలే కొన్ని మొక్కల్లో తిండి రసాలుగా మారాయి. అదీ ఒక్కసారి కాదు, ఒకదానితో ఒకటి చుట్టరికం లేని మొక్కల్లో, వేరు వేరు దేశాల్లో, వేరు వేరుగా, నేలలో బలం లేని ప్రతిచోటా. మా మడి కాలవలోనే ఇంకోటి ఉండేది, నీళ్ళలో తేలే పసుపు పువ్వు, దాని సన్నటి పోగులకి ఆవగింజల్లాంటి తిత్తులు, నీటిపురుగు తగిలితే రెప్ప వాల్చేలోపు లోపలికి పీల్చేసేవి. అవ్వ ఆ కాలవ నీళ్ళతోనే దీపం కుందులు కడిగేది. ఇక తోటకూర. సన్‌డ్యూ కుటుంబం, తోటకూర కుటుంబం పూర్వంలో ఒకే కొమ్మ నుంచి చీలినవి. స్వామి నెలంతా పవిత్రంగా మేం తిన్న కూరకి, మేం చంపిన మొక్క దూరపు చుట్టం.

ఇది విని మనిషికి నీతి చెప్పే కథగా మార్చేవాళ్ళు కొందరున్నారు, సభల్లో మైకు దొరికితే చాలు. వాళ్ళు దయచేసి వేరే మొక్కని చూసుకోవాలి. ఇది నీతి కాదు, ఆకలి.

ఆ మొక్క సంగతి మొదట తెలుసుకున్న ఏడాదే షాకాస్‌క్రాల్ వెళ్ళాను. అత్త బారక్స్ వెనక మొక్కజొన్న మడిలో కలుపు తీస్తోంది. జుట్టు సగం నెరిసింది. నేను నిలబడే మొదలుపెట్టాను, నత్రజని, జిగురు, రసాలు, లక్షల ఏళ్ళు, అన్నీ. పార ఆన్చుకుని ఓపిగ్గా విన్నది.

"ఆకలేసి తిన్నాదన్నమాట" అంది. "దానికి ఇన్ని మాటలెందుకురా?"

"నీ తప్పు లేదత్తా, అదీ నే చెప్పేది."

"నా తప్పు నేదని నాకు తెల్దేటి? మీ అవ్వకి సెప్పినావా?"

"అవ్వ పోయింది కదత్తా."

"మరి నాకెందుకు సెప్తన్నావు?"

ఇంటికి రమ్మన్నాను. అమ్మా నాన్నా కాదనరన్నాను. ఆమె నా ముఖం చూసి, నేను చిన్నప్పుడు అన్నం వద్దని మారాం చేస్తే చూసినట్టు చూసి, లోపలికి వెళ్ళి ఉడికిన మడుంబీలు ఉప్పేసి తెచ్చిపెట్టింది. నాకు కోపం. ఆమెకి కోపం లేదని మరీ కోపం. కొన్నేళ్ళకి ఆమె ఆ బారక్స్‌లోనే పోయింది, నేను కబురందుకుని వెళ్ళేసరికి దహనం కూడా అయిపోయింది.

మా రేకుల ఇంటిని తెల్లవాళ్ళ గవర్నమెంటు తరవాత, ఒక్కో రంగువాళ్ళకి ఒక్కో చోటనే చట్టం కింద లాక్కుంది. ఈ మధ్య వెళ్ళి చూశాను. ఇసక గట్టుని సగానికి కోసి సిమెంటు గోడ కట్టారు, చెమ్మ ఊరిన చోట లారీలు తిరుగుతున్నాయి, కాలవ పైపులోకి పోయింది. ఆ పసుపు పువ్వు లేదు, తడి గోనె వాసన లేదు, "నేదు" అని పలికే నోరు ఒక్కటి కూడా వాడకట్టులో లేదు, మా పిల్లలకి తెలుగులో మిగిలినవి వరసలూ తిట్లూ.

కొత్త ప్రభుత్వం వచ్చాక లాక్కున్న నేలలు తిరిగి అడగొచ్చంటున్నారు. పోయిన ఆదివారం తమ్ముడు అందర్నీ కూర్చోబెట్టి, సీ కౌ లేక్ ఇంట్లోంచి వెళ్ళగొట్టబడ్డవాళ్ళ పేర్లు వరసగా చెప్పుకుపోయాడు. తాత, నాన్న, అమ్మ, నేను, తను. లచ్చమ్మత్త అని నేనన్నాను.

"ఆవిడ షాకాస్‌క్రాల్ మనిషి కదన్నా" అన్నాడు. అత్త వెళ్ళిన మరుసటి ఏడు పుట్టినవాడు, వాడికెవరూ చెప్పలేదు. "ఆ ఇంట్లోంచి ఆవిణ్ణెవరూ వెళ్ళగొట్టలేదుగా."

"వెళ్ళగొట్టారు."

"ఎవరు, గవర్నమెంటా?"

గోడ మీద అవ్వ ఫొటో ఉంది, తమ్ముడు ప్రతి శనివారం స్నానం చేసి దండ మార్చే ఫొటో. వేలెత్తి చూపించాను.