బావి ఒరలో బంగారు చేపలు

రెండు గోల్డ్‌ఫిష్‌లకు ఎంత పెద్ద తొట్టి కావాలి అమ్మమ్మా అని నిన్న ఫోనులో అడిగావు కదా చిన్నీ. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల లోతు చాలు. మీ పుణె ఇంటి వెనక ఉన్న ఆ కాస్త జాగాకు అదే ఎక్కువ. నీ జవాబు అయిపోయింది. కానీ జవాబు అయిపోయాక కూడా అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంటుందని నీకూ మీ అన్నకూ తెలుసు. ఫోనైతే మధ్యలో చార్జింగ్ అయిపోతుంది (మీ అన్న ఫోనుకు నా దగ్గర మాత్రమే చార్జింగ్ అయిపోతుంది). అందుకని రాసి పంపుతున్నాను. మేము పటాన్‌చెరులో కాపురం పెట్టిన కొత్తలో నా ఒంట్లో ఓపిక ఎంత ఉండేదంటే, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అవసరం లేని పనులన్నీ నెత్తిన వేసుకునేదాన్ని. ఇప్పుడు మంచం మీది నుంచి లేచి బాల్కనీ దాకా వెళ్ళాలంటే కూడా ఒకసారి ఆలోచిస్తాను. అప్పట్లో ఆలోచన ఒక్కటే ఉండేది కాదు.

మీ తాతయ్యకు ఫ్యాక్టరీలో డ్రాయింగులు గీసే ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి రెండు ట్రంకు పెట్టెలతో వచ్చి ఒక చిన్న ఇంట్లో కిరాయికి దిగాం. పక్కింట్లో ఏడేళ్ళ పిల్ల ఒకతి ఉండేది, రెండు జడలు, రెండింటికీ వేరే వేరే రంగుల రిబ్బన్లు. వాళ్ళ నాన్నకు దూరపు ప్లాంటుకు బదిలీ అయింది. సామాను లారీ ఎక్కుతుంటే ఆ పిల్ల స్టీలు గిన్నె రెండు చేతులతో పట్టుకుని వచ్చింది. అందులో రెండు బంగారు చేపలు. ఒకటి మొత్తం ఎరుపు, ఇంకోదాని తోక మీద తెల్లమచ్చ.

"ఆంటీ, రైల్లో వద్దన్నారు. మీరు పెంచండి. గిన్నెలో కాదు, పెద్ద ఇల్లు కట్టాలి వీటికి. ఎండాకాలం సెలవులకు మా అత్తయ్య వాళ్ళింటికి వస్తా కదా, అప్పుడు చూస్తా. రెండూ ఉండాలి."

"ఉంటాయమ్మా," అన్నాను. ఆ వయసులో నాకు ఎవరేం అడిగినా సరే అనడం అలవాటు. గొంతు పెంచడం రాదు, కాదనడం అంతకంటే రాదు. (మీ అమ్మ ఇప్పటికీ నన్ను మార్కెట్‌కు ఒంటరిగా పంపదు.) కానీ ఈ మాట మాత్రం అలవాటుగా అన్నది కాదు. ఆ పిల్ల స్టేషన్ దాకా వెళ్ళే లారీ ముందు సీట్లో కూర్చుని, వీధి మలుపు తిరిగేదాకా రెండు వేళ్ళు చూపిస్తూనే ఉంది. రెండూ, అని.

పూలకుండీలాంటి చిన్న సిమెంటు తొట్టిలో వేశాను. మూడు నెలల్లో అవి ఎంత పెరిగాయంటే, ఒకటి వెనక్కి తిరగాలంటే రెండోది పక్కకు జరగాలి. పొద్దున్నే కాఫీ తాగుతూ చూస్తుంటే నాకే ఊపిరాడనట్టు ఉండేది. మీ తాతయ్యతో చెప్పాను. మా పెరడు పది అడుగులు పొడవు, ఎనిమిది అడుగులు వెడల్పు. అందులోనే కరివేపాకు చెట్టు, కనకాంబరాల మడి, బట్టలారేసే తీగ. ఆయన ఆదివారం అంతా కూర్చుని డ్రాయింగు గీశారు. పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది, ముందు నుంచి ఎలా, పక్క నుంచి ఎలా. పక్క నుంచి చూసిన బొమ్మలో చిన్న చేప కూడా ఉంది, దానికి అటూ ఇటూ బాణాలు పెట్టి మూడంగుళాలు అని కొలత వేశారు. కనకాంబరాల మడి మీద మాత్రం నిలువుగా ఒక గీత కొట్టి ఉంది.

"మడి తీసేయాలా?" అన్నాను.

"చేపలా, పూలా? ఏదో ఒకటి చెప్పు. నేను పెన్సిల్‌తోనే గీశాను," అన్నారు.

తొట్టి ఎంచుకోవడానికి నాకు తోడు వచ్చింది పప్పుల షాపక్క. వాళ్ళది సంగారెడ్డి బజారులో పప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మా వెనక వీధిలో ఇంకో షాపు పెట్టారు. మొదట హైవే పక్కన పాత డ్రమ్ములు అమ్మే చోటికి తీసుకెళ్ళింది. కాజీపల్లి వైపు మందుల కంపెనీల నుంచి వచ్చిన పెద్ద పెద్ద నీలం డ్రమ్ములు. సగానికి కోయించుకుంటే చేపలకు బాగుంటుందని నా ఆలోచన. మా వైపు డ్రమ్మును కొట్టి చూస్తారు. ఇక్కడ వాసన చూస్తారు. అక్క కొంగు నడుముకు దోపుకుని, ఒక కన్ను మూసి, డ్రమ్ములో తల పెట్టి తీసింది.

"గిది వద్దు. గిండ్ల పోసిన నీళ్ళతోని బోళ్ళు గూడ తోమొద్దు."

"అరె, నిన్ననే సబ్బు పెట్టి కడిగిన అక్కా," అన్నాడు డ్రమ్ములాయన.

"అయితే సబ్బు వాసన రావాలె గద. నువ్వు పెట్టు తలకాయ."

ఆయన పెట్టలేదు. నేనే పెట్టాను, ఏడు డ్రమ్ముల్లో. మూడోదానికి తుమ్ములు పట్టుకున్నాయి, అయిదోదానికి కళ్ళు నీళ్ళు కారాయి, ఏడోదాంట్లో ఏ వాసనా లేదు. సంతోషంగా ఇదే కావాలన్నాను. అక్క మళ్ళీ తల పెట్టి చూసి, "దీంట్ల వాసన లేక కాదు, నీ ముక్కు పోయింది. నడువ్," అంది. రెండు రోజులు పప్పు మాడినా తెలియలేదు నాకు.

అలా డ్రమ్ములు పోయి, సంగారెడ్డి రోడ్డు పక్కన బావులకు దించే సిమెంటు ఒరలు పోసే మేస్త్రి దగ్గరికి చేరాం. నాలుగడుగుల గుండ్రం, రెండడుగుల ఎత్తు. చూడగానే నచ్చేసింది.

"బాయి ఎంత లోతమ్మా? ఎన్ని ఒరలు గావాలె?" అన్నాడు మేస్త్రి.

"బావికి కాదండీ. చేపలకు. ఒకటే చాలు."

"శాపలకా? అమ్మనీకెనా?"

"కాదు. పెంచుకోవడానికి."

"పెంచి తినరా?"

"తినం."

"మరేం జేస్తరు?"

"చూస్తాం," అన్నాను. ఆయన పప్పుల షాపక్క మొహం చూశాడు. ఆవిడ ఆకాశం చూసింది.

ఒర ట్రాలీలో వచ్చి ఇంటి ముందు దిగాక అసలు సంగతి తెలిసింది. పెరడు ఇంటి వెనక. ముందు నుంచి వెనక్కి వెళ్ళాలంటే ఇంటికీ ప్రహరీకీ మధ్య అడుగున్నర సందు. మీ తాతయ్య డ్రాయింగులో ప్రతిదానికీ కొలత ఉంది, ఆ సందు మాత్రం లేదు. అడిగితే, "అది తోటలోకి రాదు కదా," అన్నారు. ఇక వెనక గోడ కొట్టడమే దారి. (ఇంటి ఓనరు చాలా మంచివాడు. అంటే, సంగారెడ్డిలో ఉండేవాడు, ఇటు వచ్చేవాడు కాదు.) మేస్త్రి అయిదడుగుల మేర గోడ పడగొట్టి, ఒరను వెనక వీధి నుంచి దొర్లించుకొచ్చి కనకాంబరాల మడి మీద కూర్చోబెట్టాడు. అడుగు సిమెంటు చేశాడు. వెళ్తూ, "కొత్త సిమెంటమ్మా, నీళ్ళు నాలుగు పారి మార్చాలె, లేకుంటే శాపలు సస్తయి," అన్నాడు. గోడ సంగతి అడిగితే, "రేపొస్త. గోడ యాడికి పోతది," అన్నాడు. నిజమే. పోవాల్సిన గోడ అప్పటికే పోయింది.

అది చలికాలం. వీధి చివర బోరులో నీళ్ళు బాగా వచ్చేవి. పైపు వేసి నింపడం, రెండు రోజులుంచి బిందెతో తోడి పారబోయడం, మళ్ళీ నింపడం. అలా నాలుగుసార్లు. భుజాలు లాగేసేవి. గోడ లేదు కనుక వెనక వీధి ఆడవాళ్ళంతా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆగి చూసేవారు. ఒరంటే వాళ్ళకు బావి. నేను బావిలో నీళ్ళు పోసి, తోడి, మళ్ళీ పోస్తున్నాను. అయిదోసారి నింపి చేపల్ని వదిలాను. రెండూ గట్టు వెంట ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చాయి, పక్కపక్కనే, ఒకదానికొకటి అడ్డం రాకుండా. ఆ రోజు నేను అన్నం తినడం మర్చిపోయాను.

మేస్త్రి రేపు వస్తానంటూనే ఎండలు వచ్చాయి. బోరు ముందు బురద కక్కింది, తరవాత గాలి కక్కింది. రోజు విడిచి రోజు ట్యాంకరు. పిల్ల సెలవులకు ఇంకో పది రోజులుందనగా ట్యాంకరు పాడైంది. ఒక రోజు రాలేదు, రెండో రోజు రాలేదు. మూడో పొద్దున పప్పుల షాపక్క రెండు బిందెలతో గోడ కంతలోంచి వచ్చింది.

"రెండు బిందెలు ముంచుకుంటనే చెల్లే. తాగనీకె కాదు, బోళ్ళకు."

"అందులో చేపలున్నాయక్కా," అన్నాను.

"ఉండనీ. నేనేమన్న శాపల్ని ముంచుకపోతనా?"

ఏమనగలను? చలికాలంలో నాలుగుసార్లు నీళ్ళు పారబోసిన దాన్ని నేను. ఆవిడ ఆ మాట అనలేదు. అనకుండా బిందెలు ముంచింది, అదే ఎక్కువ. ఆవిడ వెనక ఇంకొకావిడ. ఆవిడ వెనక పిల్లనెత్తుకుని ఇంకొకావిడ. మధ్యాహ్నానికి మా పెరట్లో వరస. ఎవరూ దబాయించలేదు. "జెర ఏమనుకోకమ్మా" అంటూనే ముంచేవాళ్ళు. నేను ప్రతి బిందెకూ, "చూసి ముంచండి, చేపలున్నాయి, తెల్లమచ్చది పైకి వస్తుంది," అని చెప్తూ నిలబడ్డాను. నా గొంతు నాకే సరిగా వినపడేది కాదు, ఇక బిందెల చప్పుళ్ళలో వాళ్ళకేం వినపడుతుంది.

మీకు అనిపిస్తుంది, ముందే చేపల్ని తీసి చిన్న తొట్టిలో వేయొచ్చు కదా అని. నాకూ ఇప్పుడనిపిస్తుంది. ఆ పూట మాత్రం ఇంక ఒక్క బిందే, ఇంక ఒక్కరే అనుకుంటూ ఉన్నాను. నీళ్ళు మోకాలి దాకా తగ్గాక గాభరా పుట్టి, పిండి జల్లెడ తెచ్చి దిగాను. ఎర్రది దొరికింది, చిన్న తొట్టిలో వేశాను. రెండోదాని కోసం ఆ బురద నీళ్ళలో ఎంతసేపు వెతికానో తెలియదు. మీ తాతయ్య డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒరలో నీళ్ళు లేవు, నేను జల్లెడ పట్టుకుని అడుగున కూర్చుని ఉన్నాను.

"ఎందుకు ఇచ్చావు?" అన్నారు.

"నీళ్ళకు వచ్చారు కదండీ."

బూట్లు విప్పి, ఆయన కూడా దిగి ఒకసారి చేత్తో తడిమి చూశారు.

మర్నాడు ట్యాంకరు వచ్చింది. నేను వెనక వీధిలో ఇల్లిల్లూ తిరిగాను. మా చేప ఏమైనా మీ బిందెలో వచ్చిందా అని అడగడం ఎలా ఉంటుందో మీరు ఊహించుకోండి. కొందరు నవ్వారు, కొందరు పాపం అన్నారు, ఒకావిడ మజ్జిగ ఇచ్చింది. పప్పుల షాపక్క అయితే, "నీ శాప మా ఇంట్లేం పని జేస్తదే, కందిపప్పు జోకుతదా?" అని నవ్వి, నా మొహం చూసి నవ్వాపేసింది. "దొరికితే చెప్తరు లేవే. ఎవరుంచుకుంటరు," అంది.

పది రోజులూ ఆ పిల్లకు ఏం చెప్పాలో అనుకుంటూనే గడిచాయి. ఇంకోటి కొని తెద్దామన్నారు మీ తాతయ్య. తెల్లమచ్చ ఎలా తెస్తారు? వచ్చింది పిల్ల. జడలు పొడుగయ్యాయి, రిబ్బన్లు మాత్రం అలాగే. నేరుగా పెరట్లోకి వచ్చి, ముందు పెద్ద ఒర చూసింది. ఖాళీ. తరవాత చిన్న తొట్టి చూసింది. ఒకటి.

"రెండోది ఏదాంటీ?"

నేను అనుకున్న మాటలేవీ రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, బిందెల సంగతీ, జల్లెడ సంగతీ. ఏడుస్తుందనుకున్నాను. అది గోడ కంత వైపు చూసి, "అయితే ఎవరింట్లోనో ఉంటుంది," అని అందులోంచే వెళ్ళిపోయింది. ఒక గంటకు వచ్చింది. గౌను చేతులు మోచేతుల దాకా తడి. వీధిలో ఉన్న ప్రతి నీళ్ళ గోలెంలో చేయి పెట్టి ఉంటుంది. చిన్న తొట్టిలోకి చూస్తూ, "దీనికేం వేస్తారాంటీ?" అంది. మరమరాల పొడి అన్నాను. కాస్త కాగితంలో పొట్లం కట్టించుకుని మళ్ళీ వెళ్ళింది. ఈసారి త్వరగానే వచ్చింది.

"ఉందాంటీ. బాగుంది. తింది కూడా."

అక్కడే ఒర గట్టు మీద కూర్చున్నాను. "ఎవరింట్లో అమ్మా?"

"చెప్పనని ప్రామిస్ చేశా. వాళ్ళ పాప ఏడుస్తుందట, మీరు తీసుకుంటే."

ఎంత అడిగినా చెప్పలేదు. సెలవులయ్యాక వెళ్ళిపోయింది, తరవాతి ఏడు వాళ్ళ అత్తయ్య వాళ్ళు కూడా వెళ్ళిపోయారు. మేస్త్రి చివరికి వచ్చాడు. గోడ మాత్రం కట్టించలేదు. ఆ కంత దగ్గర ఒక తలుపు పెట్టించమన్నాను, అది ఎప్పుడూ గడియ వేయలేదు. ఎర్రది ఒక్కటే ఆ పెద్ద ఒరలో ఇంకా మూడేళ్ళు తిరిగింది.

ఇప్పుడు ఈ అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో ఉన్నా, ఎండాకాలం కింద ట్యాంకరు చప్పుడు వినపడితే బాల్కనీ దాకా వెళ్ళి చూస్తాను. మోకాళ్ళు వద్దంటాయి, అయినా వెళ్తాను. ఆ వీధిలో ఉన్నన్నాళ్ళూ ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ముందు వాళ్ళ గోలెంలోకి తొంగి చూసేదాన్ని, పసుపు కుంకుమలు తరవాత. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. కాస్త జాలీ వేస్తుంది. అంత ఓపిక ఉండి, గట్టిగా ఒక్క మాట అనే ఓపిక మాత్రం లేకపోయింది.

నువ్వు నాలుగడుగులదే కొనుక్కో చిన్నీ. నాకు మాత్రం ఆ పిల్ల ఎక్కడైనా కనిపిస్తే ఒక్కటే అడగాలని ఉంది. రెండోసారి వచ్చినప్పుడు దాని చేతిలో పొట్లం కాగితం ఖాళీగా ఉన్న మాట నిజమే. ఖాళీ కాగితానికేముంది, దారిలో దులిపినా ఖాళీయే. ఆ తెల్లమచ్చది నిజంగా ఎవరింటి గోలెంలోనో ఉందా, లేక గట్టు పక్కన నిలబడ్డ నా మొహం చూసి, ఏడేళ్ళ పిల్ల, నాకోసం ఆ మాట అందా?