బెల్లం మన్నైన రోజు

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కర్నూల్లో నేను కాలేజీకి వెళ్ళే దారిలో ఒక కంచె మీద పొడపత్రి తీగ పాకి ఉంది. చుట్టూ ఎవరూ లేనప్పుడు ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంటాను. ఆ వగరు చేదు నాలుకకు తగలగానే మా సుందరమ్మ టీచరు కళ్ళెదుట నిలుస్తుంది.

మైదుకూరు హైస్కూల్లో ఆమె మాకు సైన్సు చెప్పేది. ఒకనాడు తలా ఒక పొడపత్రి ఆకు ఇచ్చి, బాగా నమిలి ఊసెయ్యమంది. తర్వాత బెల్లం ముక్కలు పంచింది. నోట్లో వేసుకుంటే తీపే తెలియలేదు. తరగతిలో ఎన్నడూ నోరు విప్పని నేను "మన్ను!" అని అరిచాను. అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె మాత్రం గబగబా నా దగ్గరికొచ్చి, "మాటలొచ్చే పాపవేనే నువ్వు! చెప్పు, ఎట్లుండాది? ఉప్పగానా, చప్పగానా?" అంది. ఆ సాయంత్రం ఇంటికి పోతుంటే దారిపొడవునా కంచెలన్నీ కొత్తగా కనిపించాయి. మేకలు కొరుక్కుతినే ఆకులో ఇంత విద్య ఉంటే, మిగతా వాటిలో ఇంకేం దాగి ఉన్నాయో!

స్కూలు చదువు అయిపోగానే నాయన ఇక చాలన్నాడు. నన్ను కర్నూలు కాలేజీకి పంపమని టీచరమ్మ మా ఇంటికే వచ్చి అడిగింది.

"నోట్లో మాట రాని పిల్ల. కర్నూల్లో యాడ బతుకుతాది?" అన్నాడు నాయన.

ఆయనకు చక్కెర జబ్బని కడప డాక్టరు తీపి మానమన్నాడు. ఆయన మానలేదు. ఆ సంగతి తెలిసిన టీచరమ్మ సంచిలోంచి ఆకు తీసింది.

"ఇది నమిలి, గూట్లో దాచుకున్న బెల్లం తినన్నా."

"దాచినానని నీకెవరు చెప్పినారు?" అంటూ నాయన నన్ను కొరకొరా చూశాడు. ఆకు నమిలి, బెల్లం కొరికి, ముఖం చిట్లించాడు. "థూ! అచ్చం మన్నే! అయితే నా జబ్బు పోతాదా టీచరమ్మా?"

"నాలుక మోసపోయింది, అంతే. రక్తంలో చక్కెర గూడా తగ్గుతాదంటారు. నిజమో కాదో చదువుకున్నోళ్ళు కనుక్కోవల్ల. అందాకా డాక్టరు మందు మానొద్దు."

"ఎవరు కనుక్కునేది?"

ఆమె నా వైపు చూసింది.

"నేను, నాయనా."

నాయన చేతిలో బెల్లం అలాగే ఉండిపోయింది. తర్వాత పెద్దగా నవ్వాడు. "నీకు ఇంత గొంతుండాదా మ్మే! సరే, పో."

ఇప్పుడు కాలేజీలో గాజు గొట్టంలోకి ఆకు రసం చుక్క చుక్కగా దిగుతుంటే కళ్ళార్పకుండా చూస్తాను. తీపిని దాచేసేది ఆ చుక్కల్లో ఎక్కడుంది? ఆమె పక్కనుంటే ఎంత బాగుండు! నేను కర్నూలు వచ్చిన కొన్నాళ్ళకే ఆమెకు బదిలీ అయింది. మళ్ళీ కలవలేదు. నన్ను బస్సెక్కించిన రోజు కిటికీ పట్టుకుని, బస్సు కదులుతున్నా వదలకుండా నడుస్తూ అంది:

"ఆకును గురించి ఎవరేం చెప్పినా నమ్మొద్దు పాపా. నేను చెప్పినా సరే. నువ్వు చూసి, నాకు చెప్పు."