నాయకుడి పటంతో అత్తగారింటికి

ఒక్క నాయకుడి కోసం రెండు ఊళ్ళలో చావు తప్పించుకున్న మొనగాణ్ణి నేను. మొదట పొగిడి, తర్వాత తిట్టి!

అవి తెల్లదొరల రోజులు. మాది కమలాపురం దగ్గర కాలువ కింది పల్లె. పైన నది మీద ఆనకట్ట కడితే మా కాలువ ఎండిపోతుందని చెన్నపట్నం దాకా పోయి కొట్లాడి, దాన్ని ఆపించిన నాయకుడు మాకు దేవుడు. ఆయన పటం మా ఇళ్ళలో వెంకన్న పక్కనే ఉండేది.

ఆషాఢం వెళ్ళింది. పుట్టింట్లో ఉన్న నా పెళ్ళాం సుబ్బమ్మను తెచ్చుకోవడానికి ఆలూరు దగ్గరున్న అత్తగారి ఊరికి బయల్దేరాను. ఉత్త చేతులతో పోతే ఏం బాగుంటుందని, నాయకుడి పటానికి అద్దం కట్టించి పట్టుకుపోయాను. ఇంత తెలివైన అల్లుడు ఎవరికి దొరుకుతాడని దారి పొడవునా మురిసిపోయాను.

గడపలో అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. మా ఊరి అలవాటు కొద్దీ మొత్తం కాళ్ళ మీద కుమ్మరించుకుని, "ఇంకో చెంబు ఇయ్యత్తా" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. లోపలికి పోయి పటాన్ని గోడకు తగిలించి, దండ కూడా వేశాను.

అప్పుడే మా మామ కొండారెడ్డి కంపలు కొట్టి, భుజాన గొడ్డలితో వచ్చాడు.

"ఎవురప్పా ఈయప్ప?"

"మా దేవుడు మామా! ఆనకట్ట ఆపించిన మొగోడు!"

అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు లేచి వాకిలికి అడ్డంగా నిలబడ్డారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆ ఆనకట్ట ఎవురికనుకున్యావు? మాకే! మా చేన్లకు నీళ్ళొస్తాయని శానా ఏండ్లు కాసుకోనుంటిమి. మీ కాలువ కోసరం మా గొంతు కోసినాడప్పా వాడు. నువ్వు కాళ్ళ మీద కుమ్మరిచ్చుకున్న నీళ్ళు మీ అత్త ఊరి బయట్నించి మోసుకొచ్చినవి!" గొడ్డలి భుజం మీంచి చేతిలోకి దిగింది. "వానికి మొక్కే ఇంటికి నా బిడ్డను పంపను. ఏమంటావు?"

తలుపు చాటు నుంచి సుబ్బమ్మ గుసగుసలాడింది. "తిట్టండి... గట్టిగా తిట్టండి!"

తిట్టాను. భయం నేర్పినన్ని తిట్లు ఏ బడీ నేర్పదు. "దుర్మార్గుడు! గొంతుకోత ముండాకొడుకు!" అంటూ పటం దించి గోడవైపు తిప్పి పెట్టాను. మామ గొడ్డలి మూలన పెట్టి, "మా అల్లుడు శానా మంచోడు" అని మా ఇద్దరికీ బండి కట్టించాడు.

ఆ భయం ఊరు చేరినా తగ్గలేదు. కాలువ దగ్గర మా నాయన పారతో మడికి నీళ్ళు కడుతున్నాడు. చుట్టూ ఊరి రైతులు.

"ఏంరా, మీ మామకు పటం నచ్చిందా?"

గొడ్డలి ఇంకా కళ్ళముందే ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆ దుర్మార్గుడి పటమా! గొంతుకోత ముండాకొడుకు!"

మా నాయన పార పైకి లేచింది.

కాలువ గట్టు మీద పరుగెత్తుతూ, ఆ గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఏ ఊరికి పోయినా ముందు వాళ్ళ బావిలోకి తొంగి చూస్తాను. నాయకుల ఊసు ఆ తర్వాతే!