మంచు గ్రహానికి కెప్టెన్ చంద్రవ్వ

బోధన్‌లో చెరుకురసం బండి నడిపే చంద్రవ్వకు నవ్వు ఒక రోగం. నవ్వకూడని చోటే ముంచుకొస్తుంది. తన పెళ్లిలో తలంబ్రాలు పోస్తూ పకపకా నవ్వింది. అత్త పోయాక పిట్టకు పెట్టిననాడు, కాకి అన్నం ముట్టకుండా గారె ఒక్కటే ఎత్తుకుపోయిందని కొంగు నోట్లో కుక్కుకుంది. "నలుగుట్ల నవ్వకే, ఇజ్జత్ పోతది," అని భర్త బాలనర్సయ్య మొత్తుకోని రోజు లేదు.

ఈసారి వినాయక చవితికి వాడకట్టు యూత్ వాళ్లు మండపంలో మంచు గ్రహం సెట్టింగ్ వేశారు, బొమ్మలకు బదులు వాడవాళ్లే వేషాలు కట్టేలా. మనుషులు రాకెట్టెక్కి, ఎండ కూడా సరిగా అందని లోకంలో దిగి, అక్కడ జీవం కోసం వెతుకుతారు. రాకెట్టును చూసిందో లేదో, చంద్రవ్వ మనసు దాని మీద పడింది. యూత్ అధ్యక్షుడు ఆశన్న వెంటపడింది.

"నన్ను కెప్టెన్ జెయ్యుండ్రి తమ్మీ. దినాం చక్రం తిప్పే చెయ్యి ఇది, జెండా పట్టినంక కదులుతదా?"

"సరే అక్కా. గని బొమ్మలెక్క నిలవడాలె. నవ్వినవంటే రేపటి సంది సుమననే కెప్టెన్."

గ్రహం మీద దిగే బృందంలో సుమన రెండో ఆవిడ. చంద్రవ్వ గణపతి మీద ఒట్టేసింది.

మంచు కోసం థర్మకోల్ పొడి తెస్తే, ఫ్యాన్ గాలికి అదంతా పోయి దేవుడి తొండానికి అతుక్కుంది. చెరుకు పండే ఊళ్లో ఉండి ఇంత ఆలోచనెందుకని, దుప్పట్లు పరిచి బస్తాలకు బస్తాలు చక్కెర పోశారు. లైట్లు పడగానే ఎంత తళతళలాడిందో!

మొదటి సాయంత్రం వాడంతా వచ్చింది. ట్రాక్టర్ మీద కప్పే పట్టాతో కుట్టిన సూటు, నీళ్ల క్యాన్ కోసి చేసిన హెల్మెట్, చేతిలో జెండా. చంద్రవ్వకు సంతోషం పట్టరానంతగా ఉంది. మైకులో గొంతు గంభీరంగా మొదలైంది: "ఈ గ్రహంపై ప్రాణి లేదు. పురుగు లేదు, పుట్ర లేదు..."

అప్పుడే చీమలొచ్చాయి. చక్కెర మీదుగా బారులు తీరి, సూటులో దూరి, పిక్కలు దాటి పైకెక్కాయి. చంద్రవ్వ పళ్లు బిగించింది. పెదవి కొరుక్కుంది. హెల్మెట్‌కు ఆవిరి పట్టింది. పక్కకు చూస్తే సుమన దొంగచాటుగా మోకాలు గోక్కుంటోంది. ఇక చంద్రవ్వ వల్ల కాలేదు.

"దొరికిందిరో! జీవం దొరికింది! నా నడుముల తిరుగుతున్నది!"

జెండాతో సహా గెంతింది. ఆమె నవ్వు మైకులో పడి వాడంతా మోగింది. జనం కుర్చీలెక్కి ఈలలేశారు. బాలనర్సయ్య మాత్రం తల పట్టుకున్నాడు.

ఆశన్న గబగబా రావడం చూసి, చంద్రవ్వ తనే హెల్మెట్ తీసి సుమనకిచ్చేసింది. ఒక్క పూటకే కెప్టెన్ పదవి పోయిందనుకుని జెండా కూడా ఆమెకే అందించబోయింది.

"అది ఆమెకెందుకిస్తవక్కా?" ఆశన్న కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. "మంది ఇంకోసారి ఆడుమంటున్నరు. నువ్వే కెప్టెన్. గిట్లనే నవ్వాలె. ఏదీ, ఒక్కసారి నవ్వు."

నవ్వమని ఆమెను అడిగిన మనిషి ఇన్నాళ్లకు ఇతనొక్కడే. చంద్రవ్వ నోరు తెరిచింది. నవ్వు రాలేదు. ఆవిరి పట్టిన హెల్మెట్ సుమన దగ్గర్నుంచి తీసుకుని మళ్లీ తలకు పెట్టుకుని, లోపల ఎవరికీ కనబడకుండా, హాయిగా ఏడ్చింది.