వానరోజుల్లో పెరిగిన పల్సులు

1998 జులై. అమలాపురంలో ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో నేను టెక్నీషియన్‌ని. ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కోసం మా దగ్గర ఒక ఫోటోమల్టిప్లయర్ ట్యూబ్ ఉండేది. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కణం సింటిలేటర్ అనే ప్లాస్టిక్ పలకలోంచి దూసుకుపోతే అందులో కంటికి ఆనని మెరుపు పుడుతుంది. ఆ మెరుపును పట్టి, లక్షల రెట్లు పెంచి, విద్యుత్ పల్సుగా మార్చడం ఈ గాజు గొట్టం పని. మెరుపు లేకుండానే అది ఇచ్చే దొంగ పల్సులను నాయిస్ అంటాం. కొద్దిగా ఎప్పుడూ ఉంటుంది. మితిమీరితే ఏది కణమో ఏది కాదో తెలియదు.

ఆ ఏడు ఆ ప్రాజెక్టు రాజోలు అమ్మాయి గ్రేస్‌కి వచ్చింది. జూన్ మొదట్లో సరిగ్గా ఉన్న రీడింగులు జులైకి మూడు రెట్లయ్యాయి. మా హెడ్ మూర్తిగారు నోట్సు చూసి మండిపడ్డారు.

"నల్లటేపు సరిగ్గా చుట్టలేదు నువ్వు, వెలుతురు దూరుతోంది. లేదంటే అంకెలు కూర్చుని రాసేసేవు."

"లేదండీ. పలక తీసేసి, ట్యూబు మూతి వెలుతురు రాకుండా మూసి కూడా చూసేనండి. అయినా తగ్గట్లేదండి."

"పది రోజుల్లో సబ్మిషన్. కిందటేటి రీడింగులు చూసి సరిచేసుకో."

ఆయన వెళ్ళాక గ్రేస్ నా బల్ల దగ్గరికొచ్చింది. "చూడనివి చూసినట్టు రాయలేనండి. మీరోసారి చూడండి మాస్టారూ," అంది.

నోట్సు తిరగేశాను. ప్రతి రోజు రీడింగుల పక్కనా చిన్న అక్షరాలతో "ఎండ", "ముసురు", "వాన" అని ఉంది.

"ఇవెందుకు రాసేవమ్మా?"

"ఏది పనికొస్తుందో ముందు తెలీదు కదండీ."

ఎక్కువ వచ్చినవన్నీ వానరోజులే. అప్పుడు నాకు మే నెల గుర్తొచ్చింది. ట్యూబు సాకెట్‌లో ఒక రెసిస్టర్ కాలిపోతే మార్చింది నేనే. హై వోల్టేజి ఆపేసి సాకెట్ విప్పాను. నేను వేసిన సోల్డర్ చుట్టూ ఫ్లక్స్ గోధుమరంగులో మెరుస్తోంది. సోల్డర్ చక్కగా పారడానికి వాడే ఆ జిగురును పని కాగానే స్పిరిట్‌తో తుడవాలి. ఆ రోజు అంబాజీపేటలో పెళ్ళికి వెళ్ళే తొందరలో వదిలేశాను. గాలిలో తేమను అది పీల్చుకుంటోంది. దాని మీదుగా వెయ్యి వోల్టులు చుక్కచుక్కగా లీకవుతున్నాయి. ప్రతి లీకూ ఒక దొంగ పల్సు.

గుట్టుగా తుడిచేసి, టేపుదే లోపమని చెబితే అడిగేవాళ్ళెవరూ లేరు. ఆ ఆలోచన రాలేదనను. కానీ గ్రేస్ పక్కనే నిలబడి ఉంది.

మూర్తిగారి గదికి వెళ్ళాను. "తప్పు ఆ అమ్మాయిది కాదండి. నాదండి," అని మొత్తం చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అయితే ఇన్నాళ్ళూ ఆ పిల్లని ఉత్తినే అనుమానించేనన్నమాట," అన్నారు. ల్యాబుకి నడిచొచ్చి, నలుగురి ముందూ అన్నారు: "నీ రీడింగులు నిజమేనమ్మా. నేనే తప్పు మాటన్నాను."

"ఆయ్, పరవాలేదండీ," అంటూనే ఏడ్చేసింది.

సాకెట్ తుడిచి, ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి బిగించాను. మర్నాడంతా వాన. అయినా అంకె జూన్ మొదట్లో ఉన్నంతే వచ్చింది. గ్రేస్ కొత్త రీడింగులు తీసుకుంది. పాతవి పారేయకుండా నాయిస్ మీద వేరే అధ్యాయం రాసింది. వైవాలో ఎగ్జామినర్ ఎక్కువసేపు అడిగింది దాని గురించేనట.

ఆ తర్వాత ఏ పరికరం చెడినా, ముందు దాని మీద నేను చేసిన పనే వెతికేవాణ్ణి. పెద్దవాళ్ళు చెప్పినా ఆ అమ్మాయి అంకె దిద్దలేదు కాబట్టి నా తప్పు దొరికింది. దిద్ది ఉంటే, ఆ ట్యూబు ఏటా వానాకాలంలో ఇంకో విద్యార్థిని అబద్ధాలకోరుగా నిలబెట్టేది.